ఛైర్మన్‌ను ఊరే ఎన్నుకోవాలి

టొరంటో పక్కనున్న మిస్సిసాగా నగరానికి హేజెల్ మెకాలియన్ 1978 నుంచి 2014 దాకా మేయర్. వరసగా పన్నెండు సార్లు గెలిచి, తొంభై మూడేళ్ల వయసులో తనంతట తానే కుర్చీ దిగారు. పదవికి వచ్చిన మరుసటి ఏడాది నవంబరులో, రసాయనాలు మోస్తున్న గూడ్సు రైలు పట్టాలు తప్పి పేలింది. క్లోరిన్ భయంతో రెండు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. కాలు బెణికినా కుంటుతూనే ఆమె పని నడిపించారు. ఒక్క ప్రాణమూ పోలేదు. కొత్త కాలనీల రోడ్లకు, నీళ్లకు అయ్యే ఖర్చు బిల్డర్ల నుంచే రాబట్టి, దశాబ్దాలపాటు ఊరికి అప్పు లేకుండా చూశారు. ఇంతటి రాజకీయ జీవితం సాధ్యమైందంటే, ఆ కుర్చీ ఇచ్చే అధికారం గానీ లాక్కునే అధికారం గానీ ఏ పార్టీ అధిష్ఠానానికీ లేకపోవడం వల్లే. ఒంటారియోలో పురపాలక ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు, మేయర్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది.

మన దగ్గర లెక్క వేరు. పల్నాడులో మున్సిపల్ ఛైర్మన్‌గిరీ ఎలా దక్కుతుందో, ఎలా పోతుందో మాచర్ల చూపించింది. 2020 మార్చిలో నామినేషన్ల వేళ అక్కడికి వెళ్లిన తెలుగుదేశం నాయకుల కారుపై పట్టపగలే దాడి జరిగింది. ఏడాది తర్వాత 31 వార్డులూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏకగ్రీవం. పక్కనే పిడుగురాళ్లలో 33 వార్డులదీ అదే కథ. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మారాక మాచర్ల మున్సిపాలిటీ తెలుగుదేశం చేతికి వచ్చింది. రెండుసార్లూ పట్టణ ఓటరుతో ఎవరికీ పని పడలేదు. 1915లో ఏర్పడిన నరసరావుపేట పురపాలక సంఘానికి ఆ మాత్రం తతంగమూ లేదు. 2021 మార్చి ఎన్నికల జాబితాలో దాని పేరే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన నాటికీ పాలన ప్రత్యేకాధికారిదే. శతాబ్ది ఉత్సవాలు జరుపుకున్న మున్సిపాలిటీకి ఇదీ మర్యాద!

కౌన్సిలర్లు విప్‌కు తలొగ్గి చేతులెత్తి ఛైర్మన్‌ను ఎన్నుకునే ఈ పద్ధతిని చట్ట సవరణతో రద్దు చేయాలి. ఇది కొత్త కోరికేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1995, 2000 ఎన్నికల్లో ఛైర్మన్లను ప్రజలే ఎన్నుకున్నారు. 2005లో ఆ హక్కు తీసేశారు. ఛైర్మన్ ఎన్నిక ఎలా జరగాలన్నది రాజ్యాంగం రాష్ట్ర శాసనసభకే వదిలింది కనుక, మళ్లీ ఇవ్వడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఛైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్ మెజారిటీ మరో పార్టీ అయితే పని ఆగిపోతుందన్న అభ్యంతరం ఉంది. అప్పట్లో కొన్ని చోట్ల ఆగిన మాట నిజమే. కానీ బడ్జెట్ దగ్గర వాదులాడుకునే కౌన్సిల్, ఎమ్మెల్యే ఇంట్లో ముందే తేలిన తీర్మానాలకు తలూపే కౌన్సిల్ కంటే నయం. నేరుగా ఎన్నికైనవాడు నియంత అవుతాడన్నది మరో భయం. మెకాలియన్ కూడా మచ్చలేని మనిషి కాదు. తన భూమికి సంబంధించిన చర్చలో పాల్గొన్నారని 1982లో కోర్టు తప్పుపట్టింది; కొడుకు హోటల్ వ్యవహారంలో జోక్యాన్ని 2011లో న్యాయ విచారణ నివేదిక ఎత్తిచూపింది. అంత జనాదరణ ఉన్న మేయర్‌నూ అక్కడ బోనెక్కించగలిగారు. మన దగ్గర ఆస్తుల ప్రకటన, ప్రయోజన వైరుధ్యాల మీద అలాంటి చట్టం కూడా ఈ సవరణతోపాటే రావాలి.

ముఠాల గడ్డ మీద ప్రత్యక్ష ఎన్నిక పెడితే నెత్తురు పారుతుందనే వారికి ఒకటే ప్రశ్న: పరోక్ష పద్ధతిలో శాంతి ఎక్కడుంది? వార్డులో ఒక అభ్యర్థిని బెదిరిస్తే ఆ వార్డు చేజిక్కుతుంది. ఊరంతా రహస్యంగా వేసే ఓటును బెదిరించడం అంత తేలిక కాదు. నామినేషన్ కేంద్రాలకు భద్రత, కెమెరాలు ఎలాగూ కావాలి. మహిళలకు రిజర్వు అయిన కుర్చీల వెనక భర్తలు చక్రం తిప్పడానికీ పరోక్ష పద్ధతే ఊతం. కౌన్సిలర్ల బేరం కుదిర్చేది భర్త అయినప్పుడు పెత్తనమూ అతనిదే అవుతుంది. ఊరి ముందు నిలబడి ఓటు అడిగి గెలిచిన మహిళను పక్కకు నెట్టడం కష్టం. నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన పల్నాటి సీమకు ఈ మాట విడమర్చి చెప్పాలా? రాష్ట్ర ప్రభుత్వం ఈ సవరణను పురపాలక ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే తేవాలి, ఆ నోటిఫికేషన్‌లో నరసరావుపేట పేరు ఉండాలి.