ఇంటిగుట్టు



"ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన పెద్దలు చెప్పుదురు. ఆడుదాని నోరు కట్టుటకై యీ సామెతను వాడినంతగా మఱి దేనిని వాడియుండరు. మావారు పాఠశాలనుండి వచ్చి రాత్రులు చదివి వినిపించిన యొక యాంగ్లనవల వలన మే మీ సామెతను మరల విచారింపవలసి వచ్చినది.

ఆ నవల వ్రాసినవారు శ్రీమతి అమూల్య మల్లాదిగారు. మా హబ్సిగూడకు కూతవేటు దూరమున నున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికా కేగి మెంఫిస్ నగరమున పత్రికారచన నభ్యసించిరి. పిమ్మట డెన్మార్కు దేశమున పెక్కేండ్లు కాపురముండి, తిరిగి అమెరికా చేరిరి. 2002లో వెలువడిన వీరి తొలినవల 'ఎ బ్రెత్ ఆఫ్ ఫ్రెష్ ఎయిర్'కు 1984 నాటి భోపాల్ విషవాయు ప్రమాదము మూలము. మరుసటి యేట వచ్చిన 'ది మ్యాంగో సీజన్'లో హైదరాబాదు పుట్టినింటికి వచ్చిన ప్రియ, ఆవకాయ సందడి నడుమ, అమెరికా యువకునితో తన వివాహము నిశ్చయమైనదను మాట చెప్పలేక నలిగిపోవును. ఇట్లు ఇరువదేండ్లు సంసారగాథలు వ్రాసినవారు 2023లో 'ఎ డెత్ ఇన్ డెన్మార్క్' అను తమ మొదటి అపరాధపరిశోధక నవలను ప్రకటించిరి.

"వంటిల్లు వదలి హత్యల జోలి యేల?" అని కొందఱడుగవచ్చును. ముద్రారాక్షసము చదివినవా రట్లడుగరు. యమపటము చేతబట్టి యిల్లిల్లు తిరిగిన చాణక్యుని గూఢచారికి దొరికినదేమి? వాకిటికి పరుగెత్తిన పసివానిని లోనికి లాగుకొను తల్లి వ్రేలినుండి జారిన యుంగరము! ఆ ముద్రతోనే చాణక్యుడు కపటలేఖ సిద్ధపఱచెను. ఇల్లెఱిగిన కంటికే గూఢము తెలియును.

నవలలో కోపెన్‌హాగన్ నగరమున నొక రాజకీయనాయకురాలు హత్యకు గురియగును. ఇరాకునుండి శరణుజొచ్చిన యూసఫ్ అనువానిని దోషిగా తీర్మానింతురు. గేబ్రియల్ అను పరిశోధకుడు విచారింపబూనును. 1943 అక్టోబరులో డెన్మార్కువారు ఏడువేలకు పైబడిన యూదులను పడవలపై స్వీడనుకు దాటించిరి. అది యాదేశమునకు తరగని కీర్తి. కాని జర్మనుల యేలుబడిలో అందఱు నట్లు వర్తింపలేదు. ఆ మఱుగుపడిన కాలమును గూర్చియే హతురాలు గ్రంథము వ్రాయుచుండెనట!

ఇచ్చట మాకు మా సంగతియే జ్ఞప్తికి వచ్చినది. కొన్నియేండ్ల క్రిందట బంధువులయింట నొక గొలుసు పోయినది. పనిపిల్లపై నింద మోపి పంపివేసిరి. తీసినది యింటి పిల్లవాడే యని మాకు తెలియును. చెప్పబోగా నొక పెద్దావిడ "అమ్మాయీ, ఇంటిగుట్టు!" అని కన్నులెఱ్ఱజేసిరి. మే మూరకుంటిమి. ఆ పిల్ల కొంగుతో కన్నీరు తుడుచుకొనుచు గడప దాటుట నేటికిని మా కన్నులయెదుట నున్నది.

లంకను చెఱచినది విభీషణుని మాటయా? పరకాంతను చెఱపట్టిన రావణుని పాపము గదా! విభీషణుడు ముందుగా అన్నకే హితము చెప్పెను. అతడు విననందుననే వెడలెను. గుట్టు కాపాడవలసినదే. కాని నిరపరాధి తలపై నింద పడునప్పుడు దానిని దాచుట కాపాడుట కాదు, పాపమున పాలుపంచుకొనుట.

నవల ముగిసిన మఱునాడు మే మాయింటికేగి యున్నమాట చెప్పితిమి. వారు మాతో మాటలు మానిరి. ఆ పిల్ల జాడ యింకను దొరకలేదు. వెదకుచున్నాము.