పేర్ల పట్టికకీ కాపీరైట్ ఉంటుందా?

ఎన్‌సైక్లోపీడియాలో వ్యాసాన్ని ఉన్నదున్నట్టు దించేస్తే కాపీరైట్ సమస్య వస్తుందని మీకు తెలుసు. మరి చివర్లో ఉండే సూచికను మాత్రమే తీసుకుంటే? వికీపీడియాలో రాసేవాళ్లకి ఇది పాత తలనొప్పే. తమ దగ్గర ఏ వ్యాసాలు లేవో తెలుసుకోవడానికి వేరే విజ్ఞాన సర్వస్వాల శీర్షికలతో పోల్చి చూసే ప్రాజెక్టు ఇంగ్లిష్ వికీపీడియాలో ఉంది. రెజ్యూమె కోసం ఏదో ఒక ఓపెన్ డేటాసెట్ తయారుచేద్దామనుకుంటే మీకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

'పేర్లే కదా, వాటి మీద హక్కేంటి?' అంటారు. సగం నిజమే. అమెరికాలోని కాన్సాస్‌లో రూరల్ అనే టెలిఫోన్ సంస్థ డైరెక్టరీ నుంచి ఫైస్ట్ అనే ప్రచురణ సంస్థ పేర్లూ నంబర్లూ ఎత్తేసింది. కాపీ కొట్టేవాళ్లని పట్టుకోవడానికి రూరల్ వాళ్లు ముందే కొన్ని ఉత్తుత్తి పేర్లు కలిపి ఉంచారు. వాటిలో నాలుగు ఫైస్ట్ పుస్తకంలో తేలాయి! అంతగా దొరికిపోయినా 1991లో సుప్రీంకోర్టులో గెలిచింది ఫైస్టే. కష్టపడి పోగేసినంత మాత్రాన కాపీరైట్ రాదు, కాస్తయినా సృజన ఉండాలి, అక్షరక్రమంలో పేర్చడంలో అది లేదు అని కోర్టు తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో దాదాపు ఈ దారిలోనే నడిచింది. తీర్పుల అసలు పాఠం ఎవరైనా వాడుకోవచ్చు, కానీ సంపాదకులు పేరాలు విడగొట్టి, నంబర్లిచ్చిన పనికి మాత్రం రక్షణ ఉంటుందని చెప్పింది.

అసలు చిక్కు ఎంపిక దగ్గర వస్తుంది. డైరెక్టరీలో ఫోనున్న అందరి పేర్లూ వరసగా వేసేస్తారు. విజ్ఞాన సర్వస్వంలో అలా కాదు. ఏ కవికి చోటివ్వాలి, ఎవరిని వదిలేయాలి అన్నది సంపాదకులు తలలు పట్టుకుని తేలుస్తారు. అంటే మొత్తం శీర్షికల పట్టికను ఎత్తి నెట్‌లో పెడితే, వాళ్ల నిర్ణయాల్ని కూడా ఎత్తేసినట్టే అనే వాదనకి బలం ఉంది. మన 1957 చట్టం సంకలనాల్నీ, కంప్యూటర్ డేటాబేస్‌లనీ సాహిత్య రచనల కిందే లెక్కేస్తుంది. యూరప్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది: సృజన లేకపోయినా, గణనీయమైన పెట్టుబడితో తయారైన డేటాబేస్‌కి 1996 నాటి ఆదేశం ప్రకారం 15 ఏళ్ల హక్కు ఉంటుంది.

'మూలం పేరు రాశాంగా' అని సరిపెట్టుకోకండి. పేరు రాయడం మర్యాద, అంతేగానీ అనుమతి కాదు. నాలుగైదు మూలాల్ని మీ కంప్యూటర్‌లోనే పోల్చుకుని, మీ దగ్గర లేని అంశాల్ని మాత్రమే మీ సొంత జాబితాగా బయటపెట్టడం మేలు. ఆ సైటు నిబంధనలు ముందే చదవాలి, కాపీరైట్ లేకపోయినా ఒప్పందం అడ్డు రావచ్చు. తెలుగు పదాలే కావాలంటే 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు ఉండనే ఉంది, దానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంటర్వ్యూలో 'ఈ డేటా ఎక్కడిది?' అని అడిగితే చూపించడానికి, ఏ మూలం నుంచి ఏం తీసుకున్నారో రీడ్‌మీలో మొదటి రోజు నుంచే రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత అది గుర్తుండదు.