ఇటుకలు లేని నిర్గమకాండం

ఐగుప్తు అంటే పాపం. ఫరో అంటే సాతాను. ఎర్రసముద్రం అంటే బాప్తిస్మం. కనాను అంటే పరలోకం. కర్నూలు, కడప జిల్లాల్లో ఉజ్జీవ సభలకు వెళ్లేవాళ్లకు ఈ వరస నోటికొచ్చు. ఈమధ్య దీనికి మరొకటి తోడైంది: నీ అప్పు, నీ కోర్టు కేసు, నీకు రాని వీసా, అదే నీ ఎర్రసముద్రం, విశ్వసిస్తే చీలుతుంది. ఈ వ్యాఖ్యానం తప్పని నేనంటాను. కథలోంచి కూలీలను తీసేసి, మిగిలినదాన్ని కూలీలకే వినిపిస్తున్నారు.

నిర్గమకాండం ఐదో అధ్యాయం తెరవండి. అక్కడ సాతాను కనబడడు, ఇటుకలు కనబడతాయి. గడ్డి ఇవ్వం, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదని ఫరో హుకుం. లెక్క తగ్గితే దెబ్బలు తిన్నది హెబ్రీ మేస్త్రీలే. మోషే అహరోనులు ఫరో దగ్గరికి పోయి మొదట అడిగింది మూడు రోజుల ప్రయాణం, తమ దేవునికి పండుగ చేసుకోవడానికి. ఆ కాస్త అడిగినందుకే వాళ్లను సోమరులన్నాడు. పనివాడు నోరు తెరిస్తే ఈ మాటే వినబడుతుందని మన పల్లెల్లో ఎవరికి తెలియదు?

ఈ నేలకు అలాంటి లెక్కలు బాగా తెలుసు. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 మొదట్లో భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలి కోసేశాడు. రోజంతా పనిచేసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో మనిషి కష్టం చేయలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. పని అదే, తిండి తక్కువ. గడ్డి లేకుండా ఇటుకలు చేయమన్న హుకుం ఇలాంటిదే. లండన్ మిషన్ కడపకు వచ్చింది 1822లో అయినా, మాల మాదిగ పల్లెలు పెద్ద ఎత్తున సంఘాల్లో చేరింది ఆ శతాబ్దం రెండో సగంలోనే. ఆకలీ వెట్టీ ఒంటితో ఎరిగిన ఆ మనుషుల మనవలు, మునిమనవలకు ఈరోజు ఫరో కంటికి కనబడని దురాత్మ అని బోధిస్తున్నాం.

పౌలే సముద్రాన్ని బాప్తిస్మంగా చెప్పాడు కదా అని దైవజనులు అడుగుతారు. నిజమే, మొదటి కొరింథీ పత్రిక పదో అధ్యాయంలో చెప్పాడు. పస్కా గొర్రెపిల్లలో క్రీస్తును చూడటం సంఘంలో తొలినాళ్ల నుంచీ ఉంది. దాన్ని నేను కాదనను, ప్రభుబల్ల దగ్గర ఆ అర్థం నాకూ కావాలి. అయితే పౌలు ఆ దాటినవాళ్లను మన పితరులన్నాడు. అరణ్యంలో నిజంగా దప్పిగొన్న మనుషులుగానే వాళ్లను తలిచాడు. ఆ మనుషులను మరిచిపోతే ఏమవుతుందో రెండో శతాబ్దంలోనే బయటపడింది. సార్దీస్ బిషప్పు మెలీటో పస్కా మీద గొప్ప ప్రసంగం చేస్తూ, గొర్రెపిల్లను క్రీస్తుకిచ్చి, ఆ పండుగ ఎవరిదో ఆ యూదులనే దేవుణ్ణి చంపినవాళ్లుగా నిలబెట్టాడు. ఆ నిందకు యూదులు వందల ఏళ్లు ప్రాణాలతో వెల చెల్లించారు. పస్కా మనకు యూదుల నుంచి వచ్చింది, వాళ్లు నేటికీ దాన్ని ఆచరిస్తున్నారు. ఈ మాట మన ప్రసంగాల్లో వినబడాలి.

ఈ కథకు ఒంటికి సంబంధించిన అర్థం ఉందా అని ఇంకా సందేహపడేవాళ్లు 1807లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిలు సంగతి తెలుసుకోవాలి. వెస్టిండీస్ తోటల్లోని నల్ల బానిసల కోసం ఏరి కూర్చిన ఆ పుస్తకంలో పది ఆజ్ఞలు ఉన్నాయి, మోషే ఫరో ముందు నిలబడిన కథ లేదు. అది వట్టి ఆత్మల సంగతే అయితే దాన్ని తీసేయాల్సిన అవసరం ఏముంది?

నేను చెప్పే ఈ విమోచన కథలోనూ ఒక గుంట ఉంది. విడుదల పొందినవాళ్లు కనానీయుల ఊళ్లు పట్టుకుంటారు. మరి వాళ్ల సంగతేమిటని ఆ కనానీయుల పక్షాన 1989లో రాబర్ట్ వారియర్ అనే అమెరికా ఆదివాసి పండితుడు అడిగిన ప్రశ్నను దాటవేయకూడదు. ఓడినవాళ్ల గోడును యూదుల సంప్రదాయమూ మరవలేదు: ఐగుప్తీయులు మునుగుతుంటే దూతలను పాడవద్దని దేవుడు ఆపాడని యూదుల తల్మూదు చెబుతుంది. శత్రువు చావుకు చప్పట్లు కొట్టించే బోధకులు దీన్ని వినాలి.

కోసిగి, పెద్దకడుబూరు పక్క పల్లెల జనం సుగ్గికి పోతారు, గుంటూరు మిర్చి కోతలకు, పిల్లల్ని బడి మాన్పించి వెంటబెట్టుకుని. కోతలూ శ్రమకాల దినాలూ ఇంచుమించు ఒకే కాలంలో పడతాయి. పస్కా ప్రసంగం ఎవరి బతుకుకు దగ్గరో వాళ్లు ఆ ఆదివారాలు గుడిలో ఉండరు. కాబట్టి వాళ్లు బయలుదేరే ముందరి ఆదివారమే ఐదో అధ్యాయం చదవాలి. దాంతోపాటు ద్వితీయోపదేశకాండం ఇరవైనాలుగో అధ్యాయం కూడా: కూలివాడు స్వజనుడైనా పరదేశి అయినా ఆనాటి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలనే ఆజ్ఞ అక్కడుంది. వాళ్లను పనికి తీసుకుపోయే మేస్త్రీలు, వాళ్లతో కోయించుకునే రైతులు కూర్చునే గుళ్లలోనూ, వాళ్ల ఎదుటే, దాన్ని చదవాలి.