గాలి ఎక్కువైందని మాస్క్ మూలన పెట్టేయకండి



పోయిన నెల గురక గురించీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా గురించీ రాశాను కదా. ఆ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో చాలావాటిది ఒకటే గోడు. "టెస్ట్ చేయించుకున్నానండీ, సీప్యాప్ మెషీన్ ఇచ్చారు. కానీ ఆ గాలి తోపుకి ఊపిరి తిప్పుకోలేకపోతున్నా. నాలుగు రాత్రులు చూసి పక్కన పెట్టేశా." ఒక చెల్లెలైతే, ఎదురుగాలిలో స్కూటర్ మీద వెనక కూర్చుని నోరు తెరిచినట్టుందని చెప్పింది. నవ్వొచ్చింది గానీ, సరిగ్గా చెప్పింది. అందుకే ఈ నెల మొత్తం ఆ గాలి గురించే.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గాలి ఎక్కువ అనిపించడం మీ బలహీనత కాదు, అలాగని ఓర్చుకుని తీరాల్సిన శిక్షా కాదు. దాన్ని సర్దడానికి మెషీన్‌లోనే దారులున్నాయి. అవి మనకు ఎవరూ తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పరు, అంతే.

అసలు ఈ ప్రెషర్ ఏమిటి?

గాలి లేని సైకిల్ ట్యూబు చూశారుగా, గోడలు అతుక్కుపోయి ఉంటాయి. కాస్త గాలి కొడితే విచ్చుకుంటుంది. మన గొంతు సంగతీ అంతే. నిద్ర పట్టగానే అక్కడి కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. మెషీన్ పంపే గాలి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు అయిదుగురు రోగుల మీద ఈ పద్ధతి పనిచేసిందని మొదట ప్రకటించారు. అప్పటి మోటారు మోతతో పోలిస్తే ఇప్పటి మెషీన్లు పిల్లి అడుగులంత మెత్తన.

మీ కాగితంలో ప్రెషర్ 10 అనో 14 అనో రాసి ఉంటుంది. అది బీపీ నంబరు లాంటిది కాదు. నీటి ఎత్తుతో కొలిచే లెక్క. వంటింట్లోనే చూడొచ్చు. గ్లాసులో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు పోసి, స్ట్రా అడుగుదాకా పెట్టి, బుడగ వచ్చేదాకా ఊదండి. ఆ బుడగ రావడానికి పట్టిన బలమే 10 ప్రెషర్. మన చుట్టూ ఉన్న గాలి ఎప్పుడూ మన మీద వెయ్యి సెంటీమీటర్లకు పైగా నీటి ఎత్తంత ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. మెషీన్ దానికి కలిపేది సుమారు నూటికి ఒక వంతు. కాబట్టి ఊపిరితిత్తులు పగిలిపోతాయేమోనన్న భయం వద్దు. (ఊపిరితిత్తుల జబ్బు గానీ, ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం గానీ ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.)

ఇంకో సంగతి. ప్రెషర్ 14 పెట్టారంటే జబ్బు ముదిరిందని కాదు. జబ్బు తీవ్రతను గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో బట్టి చెబుతారు. 5 నుంచి 15 లోపు అయితే కొద్దిగా, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ప్రెషర్ నంబరు మీ గొంతు తెరుచుకోవడానికి ఎంత గాలి కావాలో చెబుతుంది. రెండూ వేరు.

మరి కష్టం ఎక్కడ? ఊపిరి వదలడంలో. పుట్టినప్పటినుంచీ ఏ శ్రమా లేకుండా వదిలిన ఊపిరిని ఇప్పుడు ఎదురుగాలిలోకి వదలాలి. నిద్రపట్టాక శరీరం దాన్ని పెద్దగా పట్టించుకోదు. చిక్కంతా దీపం ఆర్పాక, నిద్ర పట్టేలోపు ఉండే ఆ అరగంటలోనే. ఆ అరగంట దాటించడమే మన పని.

పగలు అలవాటు చేసుకోండి

అర్ధరాత్రి, అలసిపోయి, పక్కన మనిషి నిద్రపోతుంటే కొత్త విద్య నేర్చుకోలేం. సాయంత్రం టీవీలో సీరియల్ చూస్తూ నేర్చుకోండి. మొదటి రెండు మూడు రోజులు మాస్క్ ఒక్కటే, చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించుకోండి. తర్వాత పట్టీలు బిగించి పదిహేను నిమిషాలు. ఆ తర్వాత మెషీన్ ఆన్ చేసి, నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి. కంగారు అనిపిస్తే తీసేయండి, కాసేపాగి మళ్ళీ పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కూడా వాడండి. వారం పది రోజుల్లో చాలామందికి ఆ బెదురు తగ్గుతుంది.

మెషీన్‌లో అడగాల్సిన రెండు సౌకర్యాలు

ఒకటి ర్యాంప్. ఇది ఉంటే గాలి మొదట తక్కువగా, 4 దగ్గర మొదలై, నిదానంగా మీ నంబరుకి పెరుగుతుంది. చాలా మెషీన్లలో దీన్ని 45 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. ఈలోపు నిద్ర పట్టేస్తుంది. రాత్రి మధ్యలో లేచినప్పుడు గాలి ఉధృతంగా ఉంటే, ఆపి మళ్ళీ ఆన్ చేయండి. చాలా వాటిలో ర్యాంప్ మళ్ళీ మొదటినుంచీ మొదలవుతుంది.

రెండోది ఊపిరి వదిలేటప్పుడు గాలి తగ్గించే సౌకర్యం. దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. సాధారణంగా 1, 2, 3 అని మెట్లుంటాయి. "నేను ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గే సెట్టింగ్ ఆన్ చేసి ఉందా?" అని మెషీన్ ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేసి అడగండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే ప్రాణం లేచొస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొందరికి ఊపిరాడకపోవడానికి కారణం గాలి ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం. 4 దగ్గర మొదలైతే పెద్దవాళ్ళకు గాలి చాలనట్టు ఉంటుంది. అందుకని ఫోన్‌లో "పడటం లేదు" అని ఊరుకోకండి. ఊపిరి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా? పడుకోగానేనా, తెల్లవారుజామునా? వివరంగా చెబితే వాళ్ళు సరైన చోట చెయ్యి పెడతారు.

మాస్క్ కారితే గాలి ఇంకా ఎక్కువనిపిస్తుంది

తనంతట తాను ప్రెషర్ మార్చుకునే ఆటో మెషీన్ అయితే, గాలి పక్కలనుంచి పోయినప్పుడు లెక్క తప్పుతుంది. ఏ మెషీన్‌లోనైనా కళ్ళలోకి గాలి కొడుతుంది, నోరు ఎండిపోతుంది. దానికి పట్టీలు బిగించుకుంటూ పోతే ముక్కు మీద పుండు పడుతుంది గానీ గాలి ఆగదు. మంచం మీద పడుకుని, గాలి వస్తుండగా, మాస్క్‌ని ఒకసారి ముఖం నుంచి కొద్దిగా ఎత్తి మళ్ళీ కూర్చోబెట్టండి. అప్పుడు ఎంత అవసరమో అంతే బిగించండి.

మన వాళ్ళకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. రాత్రి తలకు కొబ్బరినూనె, ముఖానికి క్రీమ్ రాసుకుంటే సిలికాన్ జారుతుంది. మాస్క్ పెట్టుకునే ముందు ముఖం కడుక్కోండి, నూనె ఉదయానికి మార్చుకోండి. ముక్కుపుడక ఉంటే మాస్క్ చూపించేటప్పుడే చెప్పండి, అది ఒరుసుకోని రకం వెతుకుతారు. జడ పట్టీల కింద ఉబ్బెత్తుగా ఉంటే పక్కకు వేసుకోండి. ముక్కు దిబ్బడ ఉంటే దానికి ముందు మందు వాడాలి, లేకపోతే నోరు తెరుచుకుంటుంది. చలికాలం ఇంట్లో హీటర్ నడుస్తుంటే హ్యూమిడిఫయర్ కాస్త పెంచండి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోయండి.

పొద్దున్నే కడుపు ఉబ్బరం

పొద్దున లేచేసరికి కడుపు బిగుసుకుపోయి, తేన్పులు వస్తుంటే, రాత్రి తిన్న గారెలను తిట్టి జీలకర్ర నీళ్ళు తాగి ఊరుకోకండి. మెషీన్ గాలి కడుపులోకి పోతోందేమో చూడండి. తల వైపు కొంచెం ఎత్తు పెట్టుకోవడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం కొంత ఉపశమనం ఇస్తాయి. పక్కకు తిరిగి పడుకుంటే చాలామందికి తక్కువ గాలే సరిపోతుంది. అయినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు బాగా తక్కువ గాలినిచ్చే బైలెవెల్ మెషీన్లు కూడా ఉన్నాయి.

ప్రెషర్ నంబరును మాత్రం మీ అంతట మీరు, ఇంట్లో అబ్బాయి వీడియో చూసి చెప్పాడని, తగ్గించొద్దు. గాలి హాయిగా ఉంటుంది, గొంతు మాత్రం మళ్ళీ మూసుకుంటుంది. మెషీన్ పెట్టుకున్నామన్న తృప్తి తప్ప ఫలితం ఉండదు.

మౌనంగా ఉంటే నష్టం మనకే

అమెరికాలో ఉన్నవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవండి. మెడికేర్ నియమం ప్రకారం మొదటి 90 రోజుల్లో, వరసగా ఏదైనా 30 రోజులు తీసుకుంటే, అందులో 70 శాతం రాత్రులు, అంటే 21 రాత్రులు, కనీసం 4 గంటల చొప్పున వాడినట్టు రికార్డు ఉండాలి. చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులూ ఇలాంటి లెక్కే చూస్తాయి. మెషీన్ తనంతట తానే ఆ గంటలు పంపిస్తుంది. "వచ్చే అపాయింట్‌మెంట్‌లో చెప్దాంలే" అని రెండు నెలలు ఊరుకుంటే, చెప్పేనాటికి మెషీన్ వెనక్కి అడుగుతారు. మొదటి వారంలోనే ఫోన్ చేయండి. గొడవ పెట్టుకున్నట్టేం కాదు, అది వాళ్ళ పనే.

మన ఆడవాళ్ళలో ఈ జబ్బు బయటపడటమే ఆలస్యం. గురక కంటే అలసట, పొద్దున తలనొప్పి, నిద్రపట్టకపోవడం, చిరాకు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి "పనెక్కువై" అనుకుంటాం. నెలసరి ఆగిపోయాక ఈ ముప్పు పెరుగుతుంది. ఇన్నాళ్ళకు పేరు తెలిసింది, మందు చేతికొచ్చింది. ఇప్పుడు పిల్లలు ఏనుగు తొండం అని నవ్వారని, ఊరినుంచి వచ్చిన అత్తగారు ఏమనుకుంటారోనని మాస్క్ డ్రాయర్‌లో దాచేస్తే ఎలా? వైద్యం లేని ఆప్నియా బీపీని పెంచుతుంది. పగలు కునికిపాట్లు తెస్తుంది. స్కూలుకీ, సంగీతం క్లాసుకీ పిల్లల్ని హైవే మీద తిప్పేది మనమే కదా. స్టీరింగ్ ముందు ఒక్క క్షణం రెప్ప వాలితే చాలు.

ఇంట్లో మగవాళ్ళకూ ఒక మాట. ఆవిడ మాస్క్ పెట్టుకున్న మొదటి నెల రోజులూ ఎగతాళి మానేసి, పొద్దున్నే "రాత్రి ఎన్ని గంటలు వాడావు?" అని అడగండి. మెషీన్ తెర మీదే కనిపిస్తుంది.

ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. మెషీన్ మూలన ఉంటే తీసి, దుమ్ము దులిపి, ర్యాంప్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. రేపు మెషీన్ ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేయండి. ఏం చెప్పారో నాకూ వాయిస్ పెట్టండి. ఇండియా వెళ్ళేటప్పుడు మెషీన్‌ని ఎలా తీసుకెళ్ళాలి, కరెంటు పోతే ఏం చేయాలి అని కొందరు అడిగారు. అది వచ్చే నెల.

ఉంటాను మరి. కంటినిండా నిద్రపోండి.