ఒకే త్రాసు చాలునా?

భూమినుండి వెడలు వేడిమిని పట్టియుంచు వాయువులన్నిటిని ఒకే త్రాసున వేసి, “ఇన్ని టన్నుల బొగ్గుపులుసుగాలికి సమము” అని లెక్క వ్రాయుట నేఁడు లోకమంతట వాడుకయైనది. ఈ లెక్క ఉపయోగకరమే; కాని దీనిని కన్నులు మూసికొని నమ్మరాదని మా యభిప్రాయము.

మీథేను వాయువును చూడుఁడు. అది గాలిలో సగటున సుమారు 12 ఏండ్లు మాత్రమే నిలుచును; ఉన్నన్నాళ్లును మిక్కిలి తీవ్రముగా పనిచేయును. టన్నుకు టన్ను పోల్చినచో, 20 ఏండ్ల గడువులో బొగ్గుపులుసుగాలికంటె సుమారు 80 రెట్లును, 100 ఏండ్ల గడువులో 27 మొదలు 30 రెట్లును వేడిమిని కలిగించునని శాస్త్రజ్ఞులు గుణించిరి. వాయువొక్కటే, గడువు మార్చఁగానే దాని బరువు మూఁడింతలు మాఱినది! వాయిదానుబట్టి వడ్డీ మార్చు షావుకారు లెక్కవలె నున్నది.

బొగ్గుపులుసుగాలి తీరు వేఱు. నేఁడు విడిచినదానిలో కొంత భాగము వేయేండ్ల తరువాతను గాలిలోనే యుండును. విడుచుచున్నంతకాలము పేరుకొనుచునే యుండును. మీథేనన్ననో, ఏటేట ఒకే పరిమాణమున వెలువడుచున్నచో, కొంతకాలమునకు పుట్టునదియు నశించునదియు సరిపోవును. ఒకటి తూములేని చెఱువు, రెండవది చిల్లికుండ.

ఈ భేదము మన కేల యనరాదు. గోదావరీ కృష్ణా డెల్టాలయందు నీరు నిలిచిన వరిచేలలో, గాలి సోకని బురదయందలి సూక్ష్మజీవులు మీథేనును పుట్టించుచున్నవి. పేదరైతుల వరిచేలనుండియు పశువులనుండియు వచ్చు మీథేనును, ధనికదేశముల మోటారుబండ్ల పొగను ఒకే వరుసను కూర్చుట న్యాయము కాదని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ గారలు 1991లోనే వాదించిరి. ఆ వాదము మాకును సమంజసముగనే తోఁచుచున్నది.

అయినను న్యాయమను మాట చాటున మన పనిని మఱువరాదు. చేనిలో నీటిని ఎడతెగక నిలుపక, నడుమనడుమ ఆఱనిచ్చి మరల పెట్టినచో మీథేను చాలవఱకు తగ్గును, నీరును మిగులును. అయితే చేను ఆఱినపుడు నైట్రస్ ఆక్సైడు కొంత హెచ్చుగా పుట్టవచ్చును. అది 100 ఏండ్ల లెక్కలో 270 రెట్లకు పైఁబడి బలముగలది. నూఱేండ్లకు తక్కువ కాకుండ నిలుచునది. యూరియాను అదుపులేక చల్లు రైతు ఒక చేత తగ్గించినదానిని రెండవ చేత పెంచినవాఁడగును.

కావున దేశముల లెక్కలలో త్వరగా నశించు వాయువులకు ఒక పద్దును, చిరకాలము నిలుచువానికి వేఱొక పద్దును ఉండవలెనని మేము కోరుచున్నాము. మీథేను తగ్గింపును చూపి బొగ్గు కాల్చుటకు సెలవడుగువారికి అప్పుడు చోటుండదు. ఇది జరుగరాని కోరిక కాదు. న్యూజీలాండువారు 2019లో చేసిన చట్టమున పశువులు మొదలగు జీవమూలముల మీథేనుకు వేఱు లక్ష్యమునే యేర్పఱచిరి.