కాగితం కాంట్రాక్టరుది, షాకు మనోడిది

పేటలో కుర్రోడు పదో తరగతి తప్పాడు. మేస్త్రీ వెనక తిరిగి వైరింగు నేర్చుకున్నాడు. అనకాపల్లిలో లేచే మేడల్లో గోడలు చెక్కేది, పైపులేసేది, వైర్లు లాగేది ఇలాంటోళ్లే. మరి కాగితం మీద పేరెవరిది? లైసెన్సున్న కాంట్రాక్టరుది.

చట్టం ఏం చెప్తోంది? 1956 నాటి విద్యుత్ నిబంధనల్లో 45వది చూడండి. పని లైసెన్సు కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పనిచేసేవాడికి పర్మిట్ ఉండాలి. 2010లో, 2023లో నిబంధనలు మారాయి. మూలం మాత్రం అదే.

మంచిదే. కరెంటు కులం చూడదు. పరీక్ష వద్దని మనం అనటం లేదు. కానీ సూపర్‌వైజర్ సంతకంలో ఉంటాడు, పనికాడ ఉండడు. ప్రమాదం జరిగితే, "పర్మిట్ లేనోడు" అని చచ్చినోడి మీదే నేరం! ఇదేం న్యాయం?

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సుకి పది పాసవ్వాలి, రెండేళ్లు చదవాలి. రెండేళ్లు కూలి మానుకుంటే పొయ్యి ఎలా వెలుగుద్ది? 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య పథకంలో, నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. ఆ పరీక్ష మండలంలోనే, తెలుగులో, పని చేయించి పెట్టాలి. నెగ్గినోడికి నేరుగా వైర్‌మెన్ పర్మిట్ ఇవ్వాలి.

1942-46 మధ్య వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖతో పాటు విద్యుత్తు వ్యవహారాలూ చూసినవాడు బాబాసాహెబ్. ఆయన బిడ్డలం ఆ కరెంటుకి కూలోళ్లంగానే మిగలాలా?

తమ్ముళ్లారా, ఈ పక్షంలోనే పేటపేటకీ జాబితా రాయండి. ఎవరికి ఎన్నేళ్ల పని వచ్చు, ఏ కాగితం ఉంది. ఆ జాబితాతోనే కలెక్టరాఫీసుకి పోదాం.

జై భీమ్!