డిశ్చార్జితో చేతులు దులుపుకుంటారా?

మెదడువాపు నుంచి బిడ్డ బతికి బయటపడితే చాలు, సర్కారు లెక్కలో ఆ కేసు ముగిసినట్టే. నివేదికల్లో కేసులు, మరణాలు ఉంటాయి. బతికినవాళ్లు ఎలా బతుకుతున్నారో అడిగే గడి ఉండదు. ఇది ముమ్మాటికీ బాధ్యతారాహిత్యం.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మన పొలిమేరకు కొత్త చుట్టం కాదు. దేశంలో దాన్ని తొలిసారి గుర్తించింది 1955లో, చిత్తూరును ఆనుకుని ఉన్న వేలూరు ప్రాంతంలో. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2013లో తెచ్చిన జెన్‌వ్యాక్ టీకాకు ఆధారమైన వైరస్ దొరికింది కోలారులో. పుంగనూరు దాటి కాస్త దూరం పోతే ఆ జిల్లానే. వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు పందులు, కొంగల నుంచి ఈ వైరస్‌ను మనుషులకు ఎక్కిస్తాయి. మెదడువాపు దాకా వెళ్లినవారిలో 30 శాతం వరకు చనిపోవచ్చు. 30 నుంచి 50 శాతం మందికి శాశ్వత లోపాలు మిగులుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. జ్వరం తగ్గాక చేతులు వణుకుతాయి, మెడ ఓ పక్కకు లాగేస్తుంది, ముఖంలో కదలిక పోతుంది. నిన్నటిదాకా బడికెళ్లిన పిల్లకు గ్లాసు పట్టుకోవడం మళ్లీ నేర్పాలి.

హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపుకైతే మందుంది. అనుమానం వచ్చిన గంటల్లోనే అసైక్లోవిర్ నరంలోకి ఎక్కించాలి. మొదటి మోతాదు ఇవ్వకుండా ఫిట్స్‌తో వచ్చిన రోగిని 108 అంబులెన్స్‌లో తిరుపతికో బెంగళూరుకో పంపడం వైద్యం అనిపించుకోదు.

ఆ తర్వాతి నెలల సంగతి ఇంకా ఘోరం. కుప్పంలో కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రికి తిరగగలరు? క్షయ రోగులు నెలల తరబడి ఉండి కోలుకున్న ఆరోగ్యవరం శానటోరియం మదనపల్లె దగ్గరే ఉంది. జబ్బు నయం కావడానికి సమయం పడుతుందని ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు, అధికారులకు తప్ప.

పుంగనూరు, కుప్పం, మదనపల్లె ఆసుపత్రులు మూడూ మెదడువాపు రోగుల జాబితా పెట్టాలి. ఆరు నెలలకోసారి ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాలి. ఫిజియోథెరపిస్టు, మాట నేర్పే నిపుణులు వారంలో ఫలానా రోజు ఉంటారని బోర్డు కట్టాలి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కోసం తల్లిని తిప్పకూడదు. డబ్బుల్లేవనే మాట చెల్లదు. పూర్తిగా మంచాన పడినవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్న రాష్ట్రం ఇది. బిడ్డ మంచాన పడకుండా చూసే ఖర్చు మాత్రం భరించలేమంటే ఎవరు నమ్ముతారు?